ఏడు మీద గీత

పిఠాపురం పక్క పల్లెలో లాజరు మేష్టారు పిల్లలకి అఆలు దిద్దించేవాడు, పద్యాలు చెప్పేవాడు, లెక్కలు మాత్రం ముట్టుకునేవాడు కాదు. లెక్కలు రావేమోనని ఊళ్లో వాళ్లు నవ్వుకునేవారు. రాకపోవడమా! ఆ లెక్కలే అతని కొంప ముంచాయి.

1891లో, కుర్రతనంలో, అతను రాజమండ్రి మిషన్ బడి నుంచి మెట్రిక్యులేషన్ పరీక్ష రాశాడు. సొంతూరు యానాం. గోదావరి ఒడ్డునే ఉన్నా అక్కడి దొరతనం ఫ్రెంచివాళ్లది. పదమూడేళ్లు వచ్చేదాకా వాళ్ల బడిలో చదివినవాడు కనక ఏడంకె నడుముకి అడ్డగీత పెట్టేవాడు, భాగహారంలో భాగించే అంకెని కుడిపక్కన వేసేవాడు. ఇంగ్లీషు వ్యాసం మాత్రం రాజమండ్రిలో నేర్చిన దస్తూరీలో రాశాడు. రెండు జవాబు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్న యూనివర్సిటీ పెద్దలకి ఇద్దరు మనుషులు కనిపించారు. లెక్కల పరీక్ష ఇంకెవడి చేతో రాయించాడని తేల్చి, ఇక ఏ పరీక్షకీ రావద్దని ఉత్తరం పంపారు. పిలిచి ఒక్క మాట అడగాలని అంత చదువుకున్నవాళ్లలో ఒక్కరికీ తోచలేదు.

యానాంలో వడ్లు దంచుకు బతికే తల్లి జ్ఞానమ్మ, కొడుకు చెప్పింది విని రోకలి పక్కన పెట్టింది. అతని కుడిచెయ్యి పట్టుకుని చూసింది.

“ఇది నీది కాదన్నారా నాయనా? కన్నదాన్ని నేనున్నాను గదా, నన్నడగమను.”

పరీక్ష పోయినందుకు కాదు, దొంగ అన్నందుకు లాజరుకి తిండి సహించలేదు. అర్జీ పెట్టాడు. మీ ఎదట కూర్చోబెట్టి నా చేత లెక్క చేయించండి, అదొక్కటే అతని కోరిక. అర్జీ హెడ్మాస్టరు ద్వారా పంపమన్నారు, అలాగే పంపాడు. నువ్వే లాజరువని తాసిల్దారు చేత రాయించుకు రమ్మన్నారు. పరాయి దొరతనం మనిషికి సంతకం పెట్టనన్నాడు తాసిల్దారు. యానాం దొర రాసిచ్చిన కాగితం ఫ్రెంచిలో ఉందని తిప్పి పంపారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడెవరో పూజారెవరో కూడా తెలియలేదు. అలా పద్నాలుగు నెలలు నడిచింది.

హెడ్మాస్టరు జీవరాజు గారు మంచివారు. ఆ మంచితనంతోనే ఒక పని చేశారు.

“ఈ గీతే కదరా నిన్ను ముంచింది. మానెయ్యి. రేపు మళ్లీ రాయనిస్తే అందరిలాగే రాయాలి.”

“అలాగేనండి,” అన్నాడు లాజరు.

రోజూ బడి వదిలాక పలక మీద భాగహారాలు చేయించేవారు. గీత పడినా, భాగించే అంకె కుడిపక్కకి పోయినా చెరిపించి మళ్లీ రాయించేవారు. మొదట్లో చెయ్యి మొరాయించింది. ఏడాది తిరిగేసరికి మాట విన్నది.

ఆఖరికి ఎవరి మనసు కరిగిందో, పరీక్షల అధికారి ఒకాయన రాజమండ్రి వచ్చారు. లాజరు ముందు తెల్లకాగితం పెట్టి పెద్ద భాగహారం చెప్పారు. లాజరు ఒక్క తప్పు లేకుండా చేసి, ఇన్నాళ్లకి తల ఎత్తుకుని కాగితం అందించాడు. అది చూసిన జీవరాజు గారి మొహంలో నెత్తురు చుక్క లేదు.

అధికారి సంచిలోంచి పాత జవాబు కాగితం తీసి పక్కన పెట్టారు.

“ఆ రోజు రాసినవాడు భాగించే అంకెని కుడిపక్క వేశాడు. ఏడు మీద గీత పెట్టాడు. నీ గీత ఏదబ్బాయ్?”

“నేనే మానిపించానండి,” అన్నారు జీవరాజు గారు.

“మీరు అలాగే అంటారు లెండి. మీ బడి పిల్లాడు కదా.”

“ఇంకొక్కటి చెప్పండయ్యా,” అన్నాడు లాజరు. “పాత పద్ధతిలో చేసి చూపిస్తాను.”

“పాత కాగితం ఇప్పుడు చూశావు గదా. చూశాక ఎవరైనా చేస్తారు.” అధికారి రెండు కాగితాలూ మడిచి సంచిలో పెట్టుకున్నారు. కుర్రాడి బతుకు అంతటితో సరి.

యానాంలో పడవ దిగేసరికి జ్ఞానమ్మ రేవులోనే ఉంది.

“నీ చెయ్యి నీదేనని ఒప్పుకున్నారా?”

లాజరు ఇంటి దారి పట్టాడు. ఇంటికొచ్చాక పొయ్యిలోని బొగ్గుముక్క తీసి గోడ మీద ఏడంకె వేశాడు. గీత పడలేదు. గుర్తు తెచ్చుకుని, అడ్డంగా గీశాడు.

“బాగానే ఉంది గదరా,” అంది తల్లి.

అతనికి మాత్రం అది ఎవరో పరాయివాడు రాసినట్టే ఉంది.