యాదవ్వ గురి

మేడ్చల్ బస్టాండు ఎదురుగా, మందుల దుకాణం పైన వినోద నడిపే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఆరు మిషన్లుండేవి. లోయరు, హయ్యరు టైపు పరీక్షలకు కట్టే ఆడపిల్లలు వచ్చి నేర్చుకుని పోయేవాళ్ళు. పంతొమ్మిది వందల తొంభై ఎనిమిదికల్లా అందరూ కంప్యూటరుందా అని అడగడం మొదలుపెట్టారు. సికింద్రాబాదులో మెకానిక్‌గా పనిచేసే దేవేందర్ దగ్గర ఆమె ఒక పాత కంప్యూటర్ కొన్నది. దాంట్లో డూమ్ అనే ఆట కూడా ఉంది. ఆట కావాలని వినోద అడగలేదు, తీసెయ్యమనీ చెప్పలేదు. అప్పుడే తీసెయ్యమని ఉంటే తన ప్రాణానికి సుఖముండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో లెక్క లేదు.

ఎందుకంటే ఆ ఆటకు చిక్కింది పిల్లలు కాదు, అత్త యాదవ్వ.

యాదవ్వకు అప్పటికి అరవై దాటాయి. శామీర్‌పేట దిక్కు ద్రాక్షతోటల్లో ముప్పై ఏళ్ళు పిట్టల కావలి కాసిన మనిషి. ఆమె వడిసెల తిప్పి రాయి విసిరితే గోరింకల గుంపు పక్క తోటకు మళ్ళేదని అక్కడివాళ్ళు చెప్పుకునేవాళ్ళు. తోటలు కొట్టేసి ప్లాట్లు చేశాక ఆ పని పోయింది. ఇంట్లో పొద్దుపోక కోడలి వెంట ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చి కూర్చునేది.

ఒక మధ్యాహ్నం వినోద జిరాక్సుకు వెళ్ళి వచ్చేసరికి భవిత అనే విద్యార్థిని కంప్యూటర్ ముందుంది, యాదవ్వ ఆమె భుజం మీదుగా తొంగి చూస్తోంది. ఆ ఆటలో తెర మీద తుపాకి పట్టుకున్న చేతులే కనిపిస్తాయి. ఆ చేతులు మనవే అనుకుని, మలుపు మలుపుకూ మీదికొచ్చే దయ్యాలను కాల్చుకుంటూ పోవాలి. భవిత అప్పటికి ఆరుసార్లు చచ్చింది.

"గట్ల ఆగమాగం కాల్వకు బిడ్డా. దగ్గరికి రానియ్యి. ముందుగాలనే ఇసిరితే రాయి దండుగ" అంటోంది యాదవ్వ.

"రాయి కాదవ్వా, తూటా."

"ఏదైతేంది. లే, నేను జూస్త."

వారం తిరక్కుండానే యాదవ్వ బాణం మీటలతో నడవడం, కంట్రోల్ మీటతో కాల్చడం, స్పేస్ బార్‌తో తలుపులు తీయడం నేర్చుకుంది. అక్షరం రాకపోయినా ఎర్ర తాళంచెవి ఏ తలుపుదో, నీలిది ఏ తలుపుదో ఆమెకు తెలుసు. తెర అడుగున ఆ తుపాకి పట్టుకున్న సిపాయి ముఖం ఉంటుంది. దెబ్బ తగిలినకొద్దీ దానికి నెత్తురు కారుతుంది. ఆ ముఖాన్ని చూసి యాదవ్వ కోడలిని పిలిచేది.

"జూడు వినోదా, పోరని ముఖమంత పగిలింది. మందుడబ్బ యాడున్నదో దొర్కుతలేదు."

"అత్తమ్మా, నాకు క్వశ్చన్ పేపర్ కొట్టేదుంది. ఇగ లే."

"గీ ఒక్క తలుపు తీసి లేస్త."

ఆ తలుపు వెనక ఇంకో గది ఉండేది, ఆ గదికి ఇంకో రెండు తలుపులుండేవి. వినోద పనంతా అక్కడే ఆగేది. మందుల కంపెనీలో షిఫ్టు దిగి వచ్చిన భర్త వీరేందర్‌తో మొరపెట్టుకుంటే, "ముసల్ది గదా, ఆడనియ్యి" అని అటు తిరిగి పడుకునేవాడు. వినోదకు ఆ తల్లి మీద ఎక్కువ మండేదో ఈ కొడుకు మీద ఎక్కువ మండేదో తేల్చుకోవడం కష్టం.

ఒక స్కూలువాళ్ళ అర్ధసంవత్సరం పరీక్ష పేపర్లు సాయంత్రానికి ఇయ్యాల్సిన రోజు అసలు సంగతి జరిగింది. యాదవ్వ తలుపు తీయడమంటే స్పేస్ బార్‌ను గుద్దడమే. ఆ గుద్దుకు మీట లేచి కిటికీ దాకా ఎగిరింది, కింది స్ప్రింగు ఎటు పోయిందో దొరకలేదు.

"తలుపు గట్టిగున్నది" అంది యాదవ్వ.

వినోద కూర్చుని కొట్టి చూసింది. మాటకూ మాటకూ మధ్య జాగా లేక పేపరంతా ఒకటే తోరణంలా వచ్చింది. బస్సెక్కి సికింద్రాబాద్ పోయి కొత్త కీబోర్డు తెచ్చేసరికి చీకటి పడింది. స్కూలువాళ్ళు పేపర్లు వేరేచోట కొట్టించుకున్నారు. వినోద కంప్యూటర్లోంచి ఆటను తీసేసింది.

యాదవ్వ తిట్టలేదు. మరునాడు పొద్దున్నే బస్టాండంతా తిరిగి వచ్చింది. పదింటికి కింది మందుల దుకాణం నడిపే పర్వతాలు మెట్లెక్కి వచ్చాడు.

"ఏందమ్మా, మీ ఇంట్ల ఎవరో పోరడు సచ్చిపోయిండంట?"

"ఎవ్వరు సావలేదన్నా. నేను కంప్యూటర్ల ఆట తీసేసిన."

"మరి ముఖమంత నెత్తురైందని చెప్పె యాదవ్వ."

అతన్ని పంపేలోపు బస్టాండులో పూలమ్మే ఐలమ్మ వచ్చింది. చేయి పట్టుకుని, "గుండె రాయి చేసుకో బిడ్డా" అంది. ఆమెకు వినోద మొదటినుంచి చెప్పింది. అంతా విని ఐలమ్మ, "అయినా నువ్వు గట్ల చెయ్యకపోవాలె" అంది.

మూడోనాటికి వినోదకు ఓపిక అయిపోయింది. ఎస్టీడీ బూత్ నుంచి దేవేందర్‌కు ఫోన్ చేసింది. అతను ఫ్లాపీలు తెస్తే అందులో ఒకటి చెడిపోయింది. మళ్ళీ ఆదివారం వచ్చి ఆట ఎక్కించాడు, పాత కీబోర్డుకు స్ప్రింగు కూడా వేశాడు.

"ఒంటిగంట నుంచి రెండున్నర దాకా నీది. పాత కీబోర్డే ముట్టాలె. రెండున్నరకు లెయ్యాలె" అని వినోద షరతు పెట్టింది.

"మంచిది" అంది యాదవ్వ, కోడలు అడిగిందానికి దయతలచి ఒప్పుకున్నట్టుగా.

అప్పటినుంచి వినోద రోజూ రెండుసార్లు కంప్యూటర్ ఆపి, బల్ల కింద దూరి, ఒక కీబోర్డు పీకి ఇంకొకటి తగిలించేది. నాలుగేళ్ళు ఆ పని చేసింది. నడుం పట్టేసిన రోజుల్లోనూ చేసింది.

రెండువేల మూడులో కొత్త కంప్యూటర్ తెచ్చారు. అందులో పాత ఆట నడవలేదు. దేవేందర్ కొత్తరకం ఆట ఎక్కించాడు. యాదవ్వ రెండు నిమిషాలు ఆడి చేతులు తీసేసింది.

"గీళ్ళు మనుషులు గదనే. నేనెందుకు కాల్వాలె?"

"ఉత్త ఆట అత్తమ్మా. ఆడు" అంది వినోద. ఆ మాట తన నోటినుంచి వచ్చినందుకు తనకే ఒళ్ళు మండింది.

"దయ్యాలంటె ఏరే. గీళ్ళకు ఇంటికాడ ఎవరో ఉంటరు" అని యాదవ్వ లేచి, మెట్లు దిగి, రోడ్డు అవతల ఐలమ్మ పూలబుట్ట దగ్గరికి పోయింది. ఇక కంప్యూటర్ ముట్టలేదు. మర్నాటి నుంచి మధ్యాహ్నాలు ఆమె మల్లెలు అల్లుతూ, బేరమాడేవాళ్ళతో ఐలమ్మకంటే గట్టిగా కొట్లాడుతూ అక్కడే ఉండేది. అన్నానికి ఎంత పిలిచినా వచ్చేది కాదు. పేపర్లు సగంలో వదిలి, టిఫిన్ డబ్బా పట్టుకుని, బస్సుల పొగలో వినోద రోడ్డు దాటి పోవాల్సి వచ్చేది.