దిద్దని బొమ్మ

బడిలో పిల్లలు ఆవిడకు పెట్టిన పేరు దిద్దుళ్ల టీచర్. పేర్లు పెట్టడంలో పిల్లల్ని మించినవాళ్లు లేరు. ఇరవై రెండేళ్లు డ్రాయింగ్ చెప్పిన ఆ మనిషి ఏ బొమ్మనూ ఉన్నదున్నట్టు వదిలిన పాపాన పోలేదు. ఏనుగు తోక పొట్టిదైతే సాగదీసేది, గోడ వాలితే నిలబెట్టేది, సూర్యుడికి కళ్లు పెడితే చెరిపి పారేసేది. పాపం, అంతా ప్రేమతోనే. అదే వచ్చిన చిక్కు.

అలాంటావిడ నలభై ఏడో ఏట కళావిద్యలో ఎం.ఏ.కు చేరింది. తోటి టీచర్లు బుగ్గలు నొక్కుకున్నారు.

"ఈ వయసులో చదువేంటమ్మా, ఎవర్ని ఉద్ధరిద్దామని?" అన్నారు.

అసలు సంగతి ఇంట్లో భర్తకొక్కడికే తెలుసు. రెండేళ్ల క్రితం జ్వరంతో పోయిన పదేళ్ల కూతురి బొమ్మలు అట్టపెట్టె నిండా ఉన్నాయి. వాటి మీదే థీసిస్ రాయాలని, ఆ వంకనైనా పిల్లను మళ్లీ చూసుకోవాలని ఆశ.

గైడ్ ఆవిడకన్నా పదిహేనేళ్లు చిన్నది. మొదటి రోజే పని చెప్పింది.

"బొమ్మ మీద ట్రేసింగ్ పేపర్ పరవండి మేడమ్. పాప గీసిన గీతల్ని నీలం పెన్సిల్‌తో దిద్దండి. పెద్దవాళ్ల చెయ్యి పడ్డచోట ఎర్రది వాడండి. నీలం ఎంతుంటే మీ థీసిస్ అంత."

ఆదివారం పొద్దున్నే కిటికీ పక్కన కూర్చుంది. మొదటి బొమ్మ ఎరుపు. రెండోదీ ఎరుపే. మధ్యాహ్నానికి ఎర్ర పెన్సిల్ సగమైంది, నీలం పెన్సిల్ మొన అలాగే ఉంది. వంకర గీత ఒక్కటి మిగిలి ఉన్నా దాన్ని పట్టుకుని ఏడ్చేది. అన్నీ తన గీతలే, అన్నీ చక్కటి గీతలే. తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది.

పెట్టె అడుగున తెల్లకాగితాల కట్ట ఉంది. తీసి పారేయబోతే, పక్కన ఎవరిదో గడియారం విప్పుకుని బాగుచేస్తున్న భర్త చటుక్కున చెయ్యి పట్టుకున్నాడు.

"అవి ఖాళీవి కావే."

"ఏమున్నాయండీ వీటిలో?"

"నా పక్కన కూర్చుని గీసేది. ఇద్దరం చూసి నవ్వుకునేవాళ్లం. నువ్వు బడి నుంచి వచ్చేలోపు రబ్బరుతో చెరిపేసేది. అమ్మ చూస్తే దిద్దేస్తుంది నాన్నా, అనేది."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పమంటావు?"

కాగితాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టింది. గట్టిగా నొక్కి గీసే పిల్ల, రబ్బరు పోగొట్టలేని గాట్లు మిగిలిపోయాయి. అమ్మ బొమ్మ. నవ్వుతోంది. ఒక్కో చేతికి ఏడేసి వేళ్లు. ఆవిడ నీలం పెన్సిల్ అందుకుంది. చూపు తిన్నగా ఆ ఎక్కువ వేళ్ల మీదికే పోయింది, పాడు అలవాటు. పెన్సిల్ కింద పెట్టేసి, కాగితం తడవకుండా పక్కకు జరిపి, బావురుమంది.

నెల తర్వాత గైడ్ నీలం గీతలతో నిండిన ఫైలు తిరగేస్తూ ఆ ఏడు వేళ్ల అమ్మ దగ్గర ఆగింది.

"ఇదొక్కటీ దిద్దలేదేం మేడమ్?"

"దాన్ని దిద్దనండీ," అంది ఆవిడ.

ఆ మాట పిల్ల వినాల్సింది.