తొట్టి గోడ మీది బూజు

మొన్న ముసురు పట్టిన మధ్యాహ్నం, మరిచిపోయిన టిఫిన్ డబ్బా మూత తీశాను. అన్నం మీద తెల్లటి బూజు. ఆ ముక్కిపోయిన వాసనతో గుంటూరులో మా కాలేజీ ప్రయోగశాల, అందులో రత్నకుమారి గారు గుర్తుకొచ్చారు.

ఎనభైల్లో ఆవిడ జంతుశాస్త్రం లెక్చరర్. నేను ఆవిడ ప్రాజెక్టులో సహాయకురాలిని. ఉడికించిన బియ్యం మీద ఒక రకం బూజు పెంచి, దాంతో దోమ గుడ్లను చంపగలమా అని చూసేవాళ్లం. చుట్టుపక్కల పత్తి చేలలో మందులు కొట్టీ కొట్టీ పురుగు మొండికెత్తిన రోజులవి. దోమకైనా మందు లేని దారి దొరకాలని ఆవిడ ఆశ. గాజుపళ్లెంలో తడికాగితం మీద గుడ్లు పెట్టి బూజు చల్లితే, కొన్నాళ్లకు అవి తెల్లటి నూగు కప్పుకుని చచ్చిపోయేవి. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు.

ఎండాకాలంలో, ల్యాబు బయట కూడా పనిచేస్తుందేమో చూద్దామని, సలోమి అనే కూలిమనిషి ఇంటికి వెళ్లాం. ఆమె మిరపకాయలకు తొడిమలు తీసే పనికి వెళ్లేది. వాడకం నీళ్లకు పెరట్లో ఒక సిమెంటు తొట్టి ఉండేది. నీటి అంచుకు పైన, దోమలు గుడ్లు పెట్టే చోట, గోడకు బూజు పూశాం. “మూడు వారాలు తొట్టి తోమకు సలోమీ,” అన్నారు మేడం.

రోహిణీకార్తె ఎండకు ఆ గోడ పెంకులా ఎండింది. బూజు చచ్చింది, గుడ్లు బతికాయి. కుళాయి వచ్చి తొట్టి నిండగానే అవి పగిలాయి. మూడు వారాలకు మేము వెళ్లేసరికి నీళ్లనిండా దోమపిల్లలు, పెరటినిండా దోమలు. లోపల మంచం మీద సలోమి కూతురు జ్వరంతో మూలుగుతోంది.

“మేడం, రిపోర్టులో ల్యాబు ఫలితాలే రాద్దామండి. ఇది రాస్తే ప్రాజెక్టు ఆగిపోతుంది,” అన్నాను మెల్లగా. నా ఉద్యోగమూ దాంతోనే పోతుంది.

ఆవిడ కోప్పడలేదు. “మరి సలోమికేం చెబుదాం?” అన్నారు.

కొంగు బిగించి, కొబ్బరిపీచు అందుకున్నారు.

“మీరు చెప్పారనే తోమలేదండీ,” అంది సలోమి.

“అవును. తప్పు మాది. మా మందు పనిచేయలేదు.”

సలోమి పీచు లాక్కోబోయింది. ఆవిడ ఇవ్వలేదు. తొట్టి తోమి, పిల్లను రిక్షాలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. జ్వరం తగ్గేదాకా రోజూ వెళ్లి చూసొచ్చారు. అది దోమల జ్వరమో కాదో డాక్టరు తేల్చలేదు. ఆవిడ మాత్రం ఆ అనుమానాన్ని తనకు అనుకూలంగా వాడుకోలేదు.

రిపోర్టు మొదటి పేజీలోనే తొట్టి సంగతి రాశారు. ప్రాజెక్టు ఆగింది. నా ఉద్యోగం పోయింది. చాలాకాలం ఆవిడ మీద అలిగి, ఉత్తరం కూడా రాయలేదు.

ఇప్పుడు నా ల్యాబులో పనిచేసే పిల్లలు మంచి ఫలితం తెస్తే, ఎవరింట్లో పరీక్షించి చూశారని అడుగుతాను. ఆ ఇంటికి నేనే వెళ్లి, ఇంటావిడతో మాట్లాడి వచ్చాకే రిపోర్టు మీద సంతకం పెడతాను.