దరువుకీ దరువుకీ మధ్య

పత్రికకు ఓడల రాకపోకలు రాసి పంపే పని మీద ఆ రోజుల్లో నేను తరచు యానాం వెళ్లేవాణ్ణి. పని అయ్యాక ఏటిగట్టు మీది కల్లుపాక దగ్గర కూర్చునేవాణ్ణి. తాగడానికి కాదంటే మా ఇంట్లోనే నమ్మలేదు. కానీ ఆ వేసవిలో నన్ను అక్కడ కూర్చోబెట్టింది కల్లు కాదు, ఒక గిటారు.

కోరంగిలో మరమ్మతుకు ఆగిన ఓడ నుంచి దిగిన నావికుడు దాన్ని వాయించేవాడు. ఆఫ్రికా పడమటి తీరం మనిషి. తమ రేవుల్లోనూ సాయంత్రమైతే కల్లు చుట్టూ చేరి ఇలాగే వాయించుకుంటారని వచ్చీరాని ఇంగ్లీషులో నాకు చెప్పాడు. బొటనవేలితో ఒక వరస, చూపుడువేలితో ఇంకో వరస. రెండూ దెబ్బలాడుకుంటున్నట్టే సాగి ఎక్కడో కలిసిపోయేవి. పక్కన ఒకరు ఖాళీ సీసా మీద మేకుతో కొట్టాలి. ఆ దెబ్బ మనం ఎదురుచూసే చోట పడదు. కాలు దించబోయేసరికి ఒక రెప్పపాటు ఆగి పడుతుంది. ఆ కాస్త ఖాళీలో నడుము దానంతటదే కదులుతుంది. చాలా ఏళ్ల తరవాత ఆ తీరపు నాట్యసంగీతానికి హైలైఫ్ అని పేరొచ్చిందని చదివాను. మాకు అప్పుడు పేరుతో పని లేకపోయింది.

“ఏంటండీ పంతులుగారూ, కాలు ఆడిస్తున్నారు?” అంది కల్లు పోసే ఆమె.

“దోమ కుట్టిందమ్మా.”

“తాళం ప్రకారం కుడుతుందాండీ మీ దోమ?”

పక్కన ఉన్న పల్లె కుర్రాళ్లు రోజూ వచ్చి ఆడేవారు. ఆ పల్లెలో డప్పు వాయించే ముసలి తండేలు, అంటే పడవ పెద్ద, చుట్ట కాలుస్తూ వెక్కిరించేవాడు. “దెబ్బ తప్పుతుంటే వాయిద్యమంటారేంట్రా?” అంటూనే ఒక్క పూటా మానేవాడు కాదు.

ఏరు సముద్రంలో కలిసే చోటిని అక్కడ మొగ అంటారు. పోటుకు చేపంతా అక్కడికే ఎక్కుతుంది. ఏడాది పొడుగునా ఆ మొగలో వల ఎవరిదన్నది ఈ కుర్రాళ్ల ఈవలి పల్లెకీ ఏటికి ఆవలి పల్లెకీ మధ్య ఏటా ఒకసారి కర్రల పందెంలో తేలేది. రెండు వైపులా డప్పు మోగాలి. కర్ర ఎత్తేదీ కాచేదీ దరువు మీదే. ఎవరి డప్పు ముందు ఆగితే వాళ్లు ఓడినట్టు. ఓడిన పల్లె ఆ ఏడాదంతా గెలిచినవాళ్ల పడవల మీద కూలికి పోవాలి. కిందటేడు ఈవలివాళ్లు ఓడారు. ఆ వానాకాలం పల్లెలో గంజి తాగి పడుకున్న ఇళ్లు నేను చూశాను.

పందెం నాడు పొద్దున్నే ఇసక తిన్నె మీద జనం. నావికుడూ వచ్చాడు, తీర్థం అనుకున్నాడో ఏమో, గిటారు భుజాన వేసుకుని, సీసా, మేకు చేత పట్టుకుని. మొదటి తాకిడిలోనే ఒకడి పళ్లు ఇసకలో రాలాయి. ఇంకొకడు విరిగిన మోచేతిని రెండో చేత్తో పట్టుకుని తిట్టుకుంటూ నీళ్లలోకి నడిచిపోయాడు. అంతలో ఆవలివాడొకడు వరస చీల్చుకొచ్చి ముసలి తండేలు మణికట్టు మీద కొట్టాడు. డప్పువాణ్ణి కొట్టకూడదన్న కట్టుబాటు లేదు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. డప్పు కింద పడింది.

“ఓడబాబూ, సీసా! కొట్టవయ్యా బాబూ!” అని కుర్రాళ్లు అరిచారు.

రోజూ అడిగేదే కదా అనుకుని అతను కాళ్ల దగ్గర పెట్టుకున్న సీసా తీసి మేకుతో అందుకున్నాడు. ఆవలి డప్పు ఒక చోట పడుతోంది, ఈ సీసా దాని సందులో పడుతోంది. ఆవలివాళ్లు తమ దరువు మీదే కర్ర ఎత్తారు, దరువు మీదే కాచుకున్నారు. ఈవలి కుర్రాళ్లు ఆ సందుల్లో వేసవంతా ఆడినవాళ్లు. ఆవలివాళ్లు కాచుకున్న కర్ర దించిన రెప్పపాటులో కొట్టారు. మోకాళ్ల మీద, మెడల మీద, మొహాల మీద. నడుములు కల్లుపాక దగ్గర ఊగినట్టే ఊగుతున్నాయి. ఒక ఆవలి కుర్రాడికి చెవి పక్కన తల పగిలింది. నెత్తురు కళ్లలోకి కారి, ఎటు కాచుకోవాలో తెలియక గుడ్డివాడిలా తిరిగాడు. తిరిగిన ప్రతిసారీ ఇంకో దెబ్బ పడింది.

నావికుడు అది చూశాడు. సీసాను ఏట్లోకి విసిరేశాడు.

“ఆగింది! మీ చప్పుడు ఆగింది!” అని ఆవలివాళ్లు గోల చేశారు.

ఈవలివాళ్లు అతని మీద పడ్డారు. మొదట గిటారు విరిగింది, తరవాత పక్కటెముకలు. వాళ్లను విడదీసింది ముసలి తండేలు గొంతే.

“ఆగండ్రా! మన డప్పు ఎప్పుడాగింది? నా చెయ్యి విరిగినప్పుడు ఆగింది. సీసా డప్పు ఎప్పుడయిందిరా?”

“గెలిచేవాళ్లం కదయ్యా!” అన్నాడు అతని కొడుకు, ఏడుస్తూ.

“ఓడింది నేను. మొగ వాళ్లదే. ఆయన్ని వదిలెయ్యండి.”

ఆ మాటతో ఆ ఏడు కూడా పోయింది. నావికుణ్ణి మోసుకెళ్లి అతని ఓడ ఎక్కించారు. ముసలాయన చెయ్యి వంకరగా అతుక్కుంది. అతని కొడుకు ఆవలివాళ్ల పడవ మీద కూలికి వెళ్లాడు.

మరుసటి వేసవిలో ఆ కొడుకు పెళ్లికి నన్నూ పిలిచారు. పిల్లది ఆవలి పల్లే. విందయ్యాక కుర్రాళ్లు సీసా మీద మేకుతో అదే దరువు అందుకున్నారు. కిందటేడు తల పగిలిన కుర్రాడు పిల్ల తరఫు వాళ్లతో నా పక్కనే కూర్చున్నాడు. మొదటి దెబ్బ పడగానే అతని చెయ్యి గభాల్న చెవి మీదికి పోయింది. అక్కడే ఉండిపోయింది.

కాలు మాత్రం ఆడుతోంది.