పాట కింది మాట

గద్వాలల మా నాయన రేడియో దుకాణంల, పెండ్లిల్లు తీసే వీడియో అన్న అగ్గువ ధరల స్టీరియో మైకు ఏరిన తీరు యాదికుంది. ఒక్కో మైకు కెమెరాకు తగిలించి, హెడ్‌ఫోన్ పెట్టుకొని, కండ్లు మూసుకొని, తాళంచెవుల గుత్తి ఎడమ నుంచి కుడికి ఊపేటోడు. "చప్పుడు ఈ చెవుల నుంచి ఆ చెవులకు నడవాలె" అనేటోడు.

ఆ మైకుతోనే నా పెండ్లి తీసిండు. సీడీ చూస్తే మొత్తం సినిమా పాటలే.

"గంతగనం ఏరిన మైకు ఎందుకన్నా? అసలు టేపు ఇనిపియ్యి" అని పట్టుబట్టిన.

"వద్దు చెల్లె" అనుకుంటనే హెడ్‌ఫోన్ నా చెవులకు పెట్టిండు.

ఎడమ చెవుల అయ్యగారి మంత్రాలు. కుడి చెవుల, తాళి అందుకుంట దోస్తుతోని గుసగుసలాడుతున్న మా ఆయన: "అమ్మ పోరు పడలేక కడుతున్న రా. పిల్ల నచ్చలే."

హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టిన. అన్న తాళంచెవులు చప్పుడు కాకుంట పిడికిట్ల పట్టుకుండు.

"మైకు ఎంత మంచిదైతే, పాట అంత గట్టిగ పెట్టాలె చెల్లె."