ప్లేట్లన్నీ విజయకే

మొన్న నెల్లూరులో మా అక్క కూతురు నన్నొక కాఫీ షాపుకు తీసుకువెళ్లింది. కూర్చున్నామో లేదో మూల నుంచి సన్నగా గరగరమని చప్పుడు, వెంటనే వయొలిన్. ఆ గరగర వినగానే నా నడుము దానంతటదే నిటారుగా అయింది. “వైనిల్ రికార్డు పిన్నీ, ఇప్పుడిదే ఫ్యాషను,” అంది పిల్ల. “ప్లేటు,” అన్నాను నేను. అది నా ముందున్న ఖాళీ ప్లేటు వంక చూసి, “ఇంకోటి చెప్పేదా?” అని అడిగింది. నాకు నవ్వు రాలేదు, చిరాకు వచ్చింది. పిల్ల మీద కాదు, యోహాను సారు మీద. పోయిన మనిషి మీద ఇంతగా విసుక్కునేదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

అల్లూరు బళ్లో నేను కొత్తగా టీచరుగా చేరినప్పుడు ఆయన హెడ్మాస్టరు. మా ఎదురింట్లోనే అద్దెకుండేవారు. చర్చిలో సంఘ పెద్ద. ఆయనకున్న ఒకే ఒక వ్యసనం గ్రామఫోను రికార్డులు. కానీ చచ్చినా రికార్డు అనేవారు కాదు. ఆ మాట వింటే ఆయనకు తిరునాళ్లలో వేసే రికార్డింగు డాన్సులు గుర్తొచ్చేవి. సంఘ పెద్ద నోట ఆ మాట రాకూడదట. అందుకని ప్లేటు. క్యాసెట్లు వచ్చినప్పుడు అవి టేపు ప్లేట్లయ్యాయి. సీడీలు చిన్న ప్లేట్లయ్యాయి. నేను పెన్ డ్రైవు చూపిస్తే అటూ ఇటూ తిప్పి, “ఈ పుల్లలో ఎన్ని ప్లేట్లు పడతాయమ్మా?” అని అడిగారు. ఫోనులో పాట వినిపిస్తే అది గాలి ప్లేటు. దిద్దీ దిద్దీ నా నోరు నొప్పెట్టింది గానీ ఆయన మాట మారలేదు. చివరికి నేనే ప్లేటు అనడం మొదలుపెట్టాను.

సాయంత్రాలు బడి కాగితాలు పట్టుకుని వెళితే ముందు పాట వినాలి, తర్వాతే సంతకం. ముల్లు పెట్టాక ఆ పక్క పూర్తయ్యేదాకా ఎవరూ మాట్లాడకూడదు, లేవకూడదు. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానని ఒకసారి మొత్తుకున్నాను. “పొంగితే పొంగనీ. పాడే మనిషిని సగంలో నోరు మూయించేదానికి నువ్వెవురు?” అన్నారు. పాలు పొంగాయి, గిన్నె మాడింది. బళ్లోనూ అదే తంతు. తప్పు చేసిన పిల్లవాడు ఎంత నసిగినా, ఎన్ని అబద్ధాలు కలిపినా చివరిదాకా వినేవారు. నేను మధ్యలో కల్పించుకోబోతే చెయ్యెత్తి ఆపేవారు. గంట కొట్టి, క్లాసు పోయి, నా ఒళ్లు మండేది. కొన్నాళ్లకు గమనించాను, పిల్లలు నా దగ్గర అబద్ధాలాడుతున్నారు, ఆయన దగ్గర చివరికైనా నిజం చెబుతున్నారు. అప్పటి నుంచి నేనూ వినడం నేర్చుకున్నాను, పళ్లు బిగబట్టుకునైనా.

రిటైరయ్యాక ఆయన చూపు మందగించింది. కొడుకు నెల్లూరు తీసుకుపోయాడు. వెళ్లే ముందు నాతో, “అక్కడ చోటు లేదమ్మా. ప్లేట్లన్నీ నీకే. పెట్లో పెట్టి మూలకి నెట్టబాక. వింటా ఉండు,” అన్నారు. ఆయన మరేదీ ఎవరికీ అప్పజెప్పలేదు. ఇల్లు ఖాళీ చేయడానికి కోడలు సునీత ఆసుపత్రి డ్యూటీకి సెలవు పెట్టి వచ్చింది. ఆమెకు ఆయన ఫోనులో చెప్పిన మాటలివి. “ప్లేట్లన్నీ ఎదురింటి విజయకిచ్చేయి. ఒకదాని మీద ఒకటి పెట్టబాక, గీతలు పడతాయి. నిలబెట్టు.”

నేను బడి నుంచి వచ్చేసరికి మా వరండాలో స్టాండు నిండా స్టీలు ప్లేట్లు తళతళలాడుతున్నాయి. ఒక్కటి కూడా మరొకదానికి తగలకుండా నిలబెట్టి ఉన్నాయి. సునీత వ్యానెక్కి వెళ్లిపోయింది. అట్టలు చెదలు తినేస్తే సారు పాత పేపర్లలో చుట్టి పెట్టెలో పెట్టుకున్న రికార్డులేమయ్యాయని వీధిలో అందరినీ అడిగాను. పాత సామాన్ల బండికి వేసేసిందని తెలిసింది. మర్నాడు ఆ బండి అతన్ని పట్టుకున్నాను. “ఆ నల్ల బిళ్లలా మేడమ్? రొయ్యల గుంటలోళ్లు తీసకపోయినారు, కొంగలు రాకుండా కట్టేదానికి,” అన్నాడు.

జువ్వలదిన్నె దారిలో ఆ గుంటలు చూశాను. నీళ్ల మీద అడ్డంగా లాగిన తీగలకు ఆయన ప్లేట్లు వేలాడుతున్నాయి. పక్కనొక బెజ్జం పొడిచి తాడు కట్టారు. ఎండకు అప్పడాల్లా వంకర్లు పోయాయి. ఆ గట్టు మీదే కూలబడి ఏడ్చాను.

ఆ ఆదివారమే నెల్లూరు వెళ్లాను. సునీత వంటింట్లో టీ పెడుతోంది. నేను గొంతు తగ్గించి జరిగిందంతా చెప్పాను. ఆయన అలవాటు ప్రకారం చివరిదాకా విన్నారు. నేను ఆగలేకపోయాను. “రికార్డులు అని ఒక్క మాట అనుంటే సరిపోయేది కదా సార్. ఒక్కసారి అంటే మీ పెద్దరికం పోయేదా?” అన్నాను.

ఆయన చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. “అన్నీ పోయినాయా?” అన్నారు.

“అన్నీ.”

“గమ్మునుండు, ఆ పిల్లకి చెప్పబాక. నేనేం చెప్పినానో అదే చేసినాది. అత్త లేని ఇంటికొచ్చి నాకు కంట్లో మందు కూడా తనే వేస్తా ఉంది. ఈ మాట తెలిస్తే నా మొహం ఎట్ట చూస్తాదీ?”

అంతలో సునీత టీ తెచ్చింది. “ప్లేట్లు బాగుండాయా అక్కా? మామయ్య ఒకటే గోల, నిలబెట్టే పెట్టమని. ఒక్కోటీ తుడిచి పెట్టినా,” అంది. ఆయన మొహం నా వైపు తిరిగింది. నేనెలా కనిపిస్తున్నానో ఆయనకు తెలియదు, నా గొంతు కోసం చూస్తున్నారు.

“బాగున్నాయమ్మా. ఒక్క గీత కూడా పడలేదు,” అన్నాను.

ఆయన తల ఊపి టీ అందుకున్నారు. ఆ తర్వాత ఆయన బతికినంత కాలం నాతో పాటల మాట ఎత్తలేదు.

సునీత ఇప్పటికీ అల్లూరు వైపు వస్తే మా ఇంట్లోనే భోజనం చేస్తుంది. నేను పెట్టిన కంచం చూసి, “మా మామయ్య ప్లేట్లే గదక్కా ఇయ్యి,” అంటూ అంచు నిమురుతుంది. ఆయన మీద కోపం గొంతు దాకా వస్తుంది. పోట్లాడటానికి మనిషి లేడు. “ఆయనవేనమ్మా,” అని అన్నం వడ్డిస్తాను.