నెక్రోఫాస్ అనే గొప్ప బ్యాండు

ఏది ఇష్టమో చెబితే నవ్వేవాళ్ళు, ఏది అసహ్యమో చెబితే గౌరవించేవాళ్ళు, మా వయసు అలాంటిది, ఆ రోజులూ అలాంటివే. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. బళ్ళారిలో మెటల్ సంగీతానికి ఆద్యుణ్ణి నేనే. మా గుంపులో నలభై మంది దాకా ఉండేవాళ్ళం. మే నెల ఎండలో నల్ల బనియన్లు తొడుక్కుని బజారులో నడిచి వస్తుంటే జనం బెదిరి పక్కకు తప్పుకునేవారు. (నలభై కాదు, నలుగురం. నాలుగోవాణ్ణి కూడా వాళ్ళింట్లో రెండు క్యాసెట్లు పట్టే టేప్‌రికార్డరు ఉందని చేర్చుకున్నాం. జనం తప్పుకున్నది మా వెనక వస్తున్న ఎడ్లబండికి.) మెటల్ అంటే తెలియని పాఠకుల కోసం ఒక్క మాట. గిటార్లను రంపంలా కోస్తూ, డ్రమ్ములను పాతపగ ఉన్నట్టు బాదుతూ, గొంతు చించుకుని పాడే ఇంగ్లీషు పాటలు అవి. మా నాన్న నిర్వచనం ఇంకా చిన్నది. "అది పాటేందిరా, బేరింగు పోయిన మోటారు" అనేవాడు.

ఆయన ఆ మాట ఎత్తిపొడుపుగానే అన్నా, మా గుంపు పెద్ద నిజంగానే మోటార్లు బాగుచేసేవాడు. మా జిల్లాలోనే తెక్కలకోట మనిషి, నాకన్నా రెండేళ్ళు పెద్ద. కాలిపోయిన పంపుసెట్టు మోటార్లకు కొత్త రాగితీగ చుట్టడం అతనికి కూడు పెట్టే పని. ఏ బ్యాండు మెటలో, ఏది కాదో తేల్చడం అతని అసలు పని. అందుకే జడ్జి అని పిలిచేవాళ్ళం. అతని చట్టంలో ఒకటే సెక్షను ఉండేది. పదిమందికి నచ్చిందా, అది మెటల్ కాదు. "లచ్చల క్యాసెట్లు పోయినాయంటే ఆడ ఏదో మోసం ఉండాదప్పా. మన సంగీతం అందరికీ అర్థమయ్యేదైతే మనమెందుకు ఈడ?" అనేవాడు.  మేమెందుకు అక్కడ ఉన్నామో మాకూ తెలియదు కనుక తలలూపేవాళ్ళం.

అందరికన్నా ఎక్కువ శిక్ష పడింది ఒక అమెరికా బ్యాండుకు. పేరు చెప్పను. ఉబ్బించిన జుట్టుతో, బిగుతు ప్యాంట్లు వేసుకుని ఐదుగురు క్యాసెట్టు అట్టమీద నవ్వుతూ ఉండేవాళ్ళు. మేం 'షాంపూవాళ్ళు' అనేవాళ్ళం. వాళ్ళ నెమ్మది ప్రేమపాట ఒకటి కాలేజీ వార్షికోత్సవాల్లోనూ, చివరికి ఒక పెళ్ళి ఊరేగింపు బ్యాండుమేళంలో కూడా వినబడింది. ఆ పాట మొదలైతే జడ్జి సగం తాగిన టీ గ్లాసు అక్కడే పెట్టి బయటికి నడిచేవాడు. వాళ్ళ మిగతా పాటలు అతను విననే లేదు. అట్ట చూసే తీర్పు చెప్పేశాడు. ఇక షాంపూవాళ్ళను తిట్టడంలో నాకు సాటి లేరు. నేను తిడుతుంటే జడ్జి కూడా "సాల్లేప్పా, పాపం" అనేవాడు.

(ఇప్పుడు ఒప్పుకుంటాను. వాళ్ళంటే నాకు ప్రాణం. ఒక మధ్యాహ్నం క్యాసెట్ల సాబు అంగడిలో వాళ్ళ ఐదో పాట విని బయటికి వచ్చి, ఎండకు కళ్ళు నీళ్ళు కారుతున్నాయని దారిన పోయేవాళ్ళకు అడక్కుండానే చెప్పాను.) అప్పట్లో ఖాళీ క్యాసెట్టు తీసుకెళ్ళి, కావలసిన పాటల పట్టీ రాసిస్తే అంగడివాళ్ళు రికార్డు చేసి ఇచ్చేవాళ్ళు. ఆ నెమ్మది పాట ఒక్కటి వదిలి తక్కినవన్నీ ఎక్కించమన్నాను. సాబు విచిత్రంగా చూశాడు. "అరే శెట్టి, జనం అంతా ఆ ఒక్క పాటకే వస్తారు. నువ్వు అదే వద్దంటావు. తబియత్ ఠీక్ ఉందా?" అన్నాడు. ఆ పాట అందరికీ తెలుసు సాబ్, దాంతో పట్టుబడిపోతాను అని చెప్పలేకపోయాను.

మాది ఎరువులు, పురుగుమందుల అంగడి. హచ్చొళ్ళి నుంచీ, చుట్టుపక్కల పల్లెల నుంచీ వరి, మిరప రైతులు వచ్చేవాళ్ళు. ఆ సాయంత్రం గల్లాపెట్టె ముందు కూర్చుని ఆ క్యాసెట్టు మీద ఏం రాయాలా అని తల పట్టుకున్నాను. అసలు పేరు రాస్తే పరువు పోతుంది. ఏమీ రాయకపోతే అనుమానం వస్తుంది. ఎదురుగా బల్ల మీద ఒక కంపెనీవాళ్ళు చూపించి పోయిన కొత్త మందు డబ్బా ఉంది. ఒక్కటి కూడా ఇంకా అమ్మలేదు, ఆ పేరు బళ్ళారిలో ఎవరికీ తెలియదు. దాని మీద పుర్రె బొమ్మ, కింద ఎర్ర ఇంగ్లీషు అక్షరాల్లో 'నెక్రోఫాస్'. ఇంతకన్నా మంచి మెటల్ పేరు ఏ బ్యాండుకైనా ఉందా? చూసి రాసేశాను. పాటల పేర్లకు కూడా వెతుక్కోలేదు. డబ్బా వెనక ఉన్న ఇంగ్లీషు హెచ్చరికలు వరసగా దింపాను. 'బాగా కుదిపి వాడుము', 'చేపలకు ప్రమాదము', 'ఆహారపదార్థాలకు దూరముగా ఉంచుము', ఇట్లా ఎనిమిది.

రెండు రోజులకు జడ్జి మా అంగడికి వచ్చాడు. లోపల టేపు సన్నగా మోగుతోంది. నా చెయ్యి ఆపే బటను మీదికి పోయేలోపల అతను నా మణికట్టు పట్టుకున్నాడు. "ఆపొద్దు. ఎవరప్పా వీళ్ళు?"  అట్ట తీసి చూపించాను. "నె... క్రో... ఫాస్. ఏ దేశం?" "ఫిన్లాండన్నా." (ఫిన్లాండు ఎటువైపు ఉందో నాకు ఇవాళ్టికీ రూఢిగా తెలియదు.) "ఎంతమంది ఇన్నారు వీళ్ళను?" "మన దేశంలో నువ్వు రెండోవాడివి." ఆ మాటకు అతని మొహం వెలిగిన తీరు చూశాక ఇంక నిజం చెప్పడం నావల్ల కాలేదు. క్యాసెట్టు జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

మూడు రోజులు గడిచాక కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చాడు. "శెట్టీ, ఏం వాయించినార్రా సామీ! పనిలో ఇంటాండా, తిండికాడ ఇంటాండా. ఆ చేపల పాట ఉండాది సూడు, చేపలంటే మనమేనప్పా. నీళ్ళు ఇషమైపోతాండాయి, మనకు తెలుస్తాలేదు." నేను గంభీరంగా అవునన్నాను. అక్కడితో ఊరుకుని ఉంటే ఈ కథ ఇంతలోనే అయిపోయేది. కానీ అబద్ధానికి మెరుగు పెట్టకుండా వదిలే అలవాటు నాకు లేదు. వాళ్ళు నలుగురూ ఇనుప గనుల్లో కూలీలనీ, పని అయ్యాక గనిలోనే వాయించుకునేవాళ్ళనీ, గిటారు మనిషికి రాయి పడి రెండు వేళ్ళు పోయినా మూడు వేళ్ళతోనే ఇంత వాయిస్తాడనీ చెప్పాను. జడ్జి తన ఎడమచేతి బొటనవేలు చూసుకున్నాడు. తర్వాత మెల్లిగా, "మా నాయన సండూరు గనిలో ఇనుపరాయి కొట్టినోడు. ఆయనకూ ఎడమచేత బొటనేలు లేదు. మనట్లా మనుషులేనప్పా వాళ్ళు" అన్నాడు. నేను గల్లాపెట్టెలో చిల్లర మళ్ళీ లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆ లెక్క తొమ్మిది రోజులు కుదరలేదు.

ఎందుకంటే మర్నాడే అతను తీర్మానం చేసుకున్నాడు. తొమ్మిది రోజుల్లో తెక్కలకోటలో జాతర. అక్కడికి మిషనుతో పచ్చబొట్టు వేసేవాడు వస్తాడు. కుడిచేతి మీద మోచేతి నుంచి మణికట్టు దాకా 'నెక్రోఫాస్' అని పొడిపించుకుంటాడట. "నీ రాత బాగుంటాది. పేపరు మీద పెద్దగా రాసియ్యి శెట్టీ, వాడు చూసి పొడుస్తాడు." రాసిచ్చాను.  రాత బాగా వచ్చింది, అదొక దౌర్భాగ్యం.

ఆ తొమ్మిది రోజులూ నాకు అన్నం లోపలికి పోలేదు. చెబితే గుంపులోంచి వెలి, చెప్పకపోతే నా స్నేహితుడి చేతి మీద జీవితాంతం పురుగుమందు. పైగా వాళ్ళ నాన్న బొటనవేలు కళ్ళ ముందు కదిలేది. ఎండలో నిలబెట్టి నా కళ్ళు చూసి మా అమ్మ కామెర్లేమో అంది. మా నాన్న, "కామెర్లూ లేవు ఏం లేవు, ఏ ఈదిలో పిల్లనో సూసుంటాడు. యావూరమ్మాయిరా?" అన్నాడు. అమ్మాయి అయినా బాగుండేది. ఆ మందు ఊళ్ళో అమ్ముడుపోతే ఎలా అన్న భయం ఇంకొకటి. కొత్త మందు ఏదైనా వచ్చిందా అని ఒక రైతు అడిగితే మంచిదేదీ రాలేదన్నాను, బల్ల కింద డబ్బాను కాలితో ఇంకా లోపలికి తోస్తూ. చివరికి ఉండబట్టలేక సాబు దగ్గర కక్కేశాను.

సాబు నవ్వుతాడనుకున్నాను. కోప్పడ్డాడు. "మీరు నలుగురు ఇక్కడికొచ్చి ఆ షాంపూవాళ్ళను తిడతారు. వాళ్ళ క్యాసెట్టు ఊరంతా కొంటేనే కదా, మీ జడ్జి అడిగే అరుపుల క్యాసెట్టు ఒకటి బొంబాయి నుంచి తెప్పిస్తా? వాళ్ళు లేకపోతే నా అంగడి ఎప్పుడో బంద్. ఇజ్జత్ ఇవ్వకపోతే పోనీ, ఈ గాలీలు, తిట్లు ఎందుకు మియా?" అని, ఒక క్యాసెట్టు తుడుస్తూ, "వాడికి పాట నచ్చింది. పాట అబద్ధం కాదు. నువ్వు అబద్ధం. పో, చెప్పు" అన్నాడు. నేను అన్ని రోజులూ తేల్చుకోలేనిది ఆయన రెండు ముక్కల్లో తేల్చేశాడు.

జాతరకు ఇద్దరం బస్సులో వెళ్ళాం. దారి పొడుగునా చెప్పబోయాను. ప్రతిసారీ అతనే, "ఆ వేళ్ళు పోయినాయన పేరేందప్పా?" లాంటిది ఏదో అడిగేవాడు. పచ్చబొట్టువాడు పట్టపగలు, బొరుగుల అంగడి పక్కన గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాడు. జడ్జి చెయ్యి చాచాడు. సూది ఇంకా చర్మానికి తగలకముందే నేను సింహంలా ముందుకు దూకి, "ఆపండి!" అని జాతరంతా వినబడేలా అరిచాను.

(దూకలేదు. అరవలేదు. మిషను గుర్రుమంటూ మొదటి అక్షరం 'ఎన్' పూర్తిగా పొడిచేదాకా నోరు తెరిచి నిలబడ్డాను.  అప్పుడు సంచిలోంచి, పేపరు చుట్టి తెచ్చిన డబ్బా తీసి అతని ఎడమచేతిలో పెట్టాను.)

అతను పేపరు విప్పాడు. పేరు చదివాడు. డబ్బా తిప్పాడు. వెనక ఉన్నవన్నీ పెదాలు కదుపుతూ ఒక్కొక్కటే చదివాడు, పాటల వరసలో. చేపల దగ్గర ఆగాడు. పచ్చబొట్టువాడు, "ఏనప్పా, ముందుకు పోవాల్నా వద్దా?" అన్నాడు. "సుమ్నే ఉండప్పా రొంతసేపు" అన్నాడు జడ్జి. నా వైపు చూడకుండానే అడిగాడు.

"పాడినోళ్ళెవరు?"

"షాంపూవాళ్ళన్నా."

"గనులు?"

"నేనే కల్పించినా."

"వేళ్ళు పోయింది?"

"అదీ నేనే."

అతను డబ్బాను జాగ్రత్తగా మళ్ళీ పేపరులో చుట్టి నాకిచ్చాడు. తిడితే బాగుండేది. "మా నాయనకు గూడా చెప్పినా గదప్పా," అన్నాడు, "ఆ మూడు వేళ్ళాయన గురించి. ఆయన శానా సంతోషపడె." అంతే. వచ్చేటప్పుడు బస్సులో అతను ముందు సీట్లో, నేను చివరి సీట్లో.

తర్వాత జరిగింది మా నాలుగోవాడు చెప్పగా తెలిసింది. జడ్జి వారం రోజులు ఏ పాటా వినలేదు. ఎనిమిదో రోజు తిన్నగా సాబు దగ్గరికి పోయి షాంపూవాళ్ళ క్యాసెట్టు, ఉబ్బిన జుట్ల అట్టతో సహా, అందరి ముందూ కొన్నాడు. తన మోటార్ల అంగడిలో పెద్దగా పెట్టాడు. తక్కినవాళ్ళు నవ్వితే, "మూడేండ్లు వాళ్ళ జుట్టు మీద కోపం పెట్టుకున్నా, పాట ఇనలే. పదిమందికి నచ్చడం వాళ్ళ తప్పా? ఇనండి ముందు, మళ్ళ తిట్టండి" అన్నాడట. అయినా ఆ నెమ్మది పాట వచ్చినప్పుడు మాత్రం లేచి ముందుకు తిప్పేసేవాడు. న్యాయం న్యాయమే. చేతి మీద అక్షరం ఏమిటని ఎవరైనా అడిగితే "అది మా శెట్టి ఆలస్యం" అనేవాడట. 'మా శెట్టి' అన్నాడని విని నేను ఎగిరి గంతేసి వెళ్ళి కౌగిలించుకుందామనుకున్నాను, కానీ బ్యాండుకు వారంలో దొరికిన మర్యాద నాకు దొరకడానికి ఏడాదిన్నర పట్టింది. అదైనా వాళ్ళ నాన్నకు జ్వరమొస్తే నేను రోజూ పోయి పక్కన కూర్చున్నందుకు. మూడోరోజు ఆ ముసలాయనే అడిగాడు, "వేళ్ళు లేనోడి కథ చెప్పింది నువ్వేనంట గదా? మళ్ళీ చెప్పు నాయనా, బాగుండె" అని. అప్పుడు జడ్జి తలతిప్పుకుని నవ్వాడు.

ఇప్పుడు నాకు అరవై మూడు, అతనికి అరవై అయిదు. పోయిన నెల ఫోనులో ఒక పాట పంపాడు. బ్యాండు పేరు లేదు. "విని ఎట్లుండాదో చెప్పు. పేరు మళ్ళ చెప్తా" అని మాత్రం రాశాడు. విన్నాను. నచ్చలేదు. వెంటనే ధైర్యంగా "నాకు నచ్చలేదన్నా" అని రాసి పంపాను. (వెంటనే కాదు. ముందు "అద్భుతం" అని రాశాను. చెరిపేశాను. "ఫరవాలేదు" అని రాశాను. అదీ చెరిపేశాను. అతనికి ప్రాణమైన బ్యాండేమో, ఈ వయసులో మళ్ళీ ఏడాదిన్నర మాట్లాడకపోతే మా ఇద్దరికీ అంత టైము ఉందో లేదో అని అరగంట చెమటలు పట్టాక పంపాను.) నిమిషంలో జవాబు వచ్చింది.

"నాకూ నచ్చలే. నువ్వేమంటావో సూద్దామని పంపినా."

ఆ మాట ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పను. ఈసారి నిజంగానే ఎక్కువసార్లు.